పురుగులు తల ఎత్తిన ఆదివారం

నా అరవయ్యో పుట్టినరోజుకు మా అబ్బాయి నా చేతికి ఒక గడియారం కట్టాడు. టైమ్ చూసుకోవడానికి కాదట. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, రాత్రి ఎంతసేపు పడుకున్నానో, పొద్దుటి నుంచి ఎన్ని అడుగులు వేశానో అన్నీ అదే చూసుకుంటుందట. ఇంత చాకిరీ పనిమనిషికి చెబితే రెండో నెలకే మానేసి పోతుంది. మొన్న, బడులు తెరిచే రోజులు దగ్గర పడుతుండగా, నా కుట్టుమిషన్ల షెడ్డులో నిలబడి ఒక అమ్మాయి మీద గట్టిగా అరుస్తున్నాను. ఒక బడి చొక్కాలకు ఇంకో బడి కాలర్లు వేసేసింది. సరిగ్గా అప్పుడే మణికట్టు మీద గడియారం గుర్రుమంది. చూస్తే, ఒక్క నిమిషం ఆగి నెమ్మదిగా ఊపిరి తీసుకోమని రాసి ఉంది. నాకు నవ్వాగలేదు. తిట్లు తింటున్న పిల్ల బిత్తరపోయి నన్నే చూస్తోంది. ఈ మాట చెప్పడానికి ఇంత గడియారం ఎందుకు? పద్నాలుగేళ్ల కిందట మా అత్త నన్ను పట్టుపురుగుల్ని పెంచే పురుగులింట్లో కూర్చోబెట్టి ఇదే చెప్పింది.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. పాపారపట్టిలో బస్సు దిగి మైలున్నర నడిస్తే వాళ్ల ఊరు. మా వాళ్లు ఈ ధర్మపురి చుట్టుపక్కల ఎన్ని తరాలుగా ఉన్నారో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు మాట్లాడేవాళ్లమే గానీ రాయడం వచ్చినవాళ్లు అరుదు. నాకు వచ్చిందంటే, పెళ్లయ్యాక కుప్పంలో ఏడెనిమిదేళ్లు కాపురం ఉండి, మా అబ్బాయితో పాటు ఒకటో తరగతి వాచకం చదవడం వల్లే. వాడికంటే ముందు గుణింతాలు నాకే వచ్చాయని ఇప్పటికీ దెప్పుతుంటాను. మా తాత కాలంలోనే మా ఇంటివాళ్లు క్రైస్తవం పుచ్చుకున్నారు. సర్చిలో పాటలు, వాక్యం, ప్రసంగం అన్నీ అరవంలోనే. అత్త మాత్రం పురుగులింట్లో ఒక్కతే ఉన్నప్పుడు దేవుడితో తెలుగులో మాట్లాడేది. ఎందుకని అడిగితే, "సర్చికి మనం పోయి ఆయన్ని చూస్తాము. ఈడికి ఆయనే మనింటికి వస్తాడు. ఇంటికి వచ్చినోళ్లతో ఇంటి మాట కాకుండా ఏం మాట్లాడతారు పాపా?" అనేది. నలభై ఆరేళ్లు వచ్చినా అత్తకు నేను పాపనే.

ఆ ఏడాది నా సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పదహారు మిషన్లతో బడిపిల్లల యూనిఫాంలు కుట్టించే షెడ్డు నాది. మే నెల వచ్చిందంటే తిండి, నిద్ర, మొగుడు, పిల్లలు ఏవీ గుర్తుండేవి కావు. ఒక చెవికి ఫోను, ఒక చేత కత్తెర, నోట్లో గుండుసూదులు. నోట్లో సూదులు ఉండగానే మనుషుల్ని తిట్టగలిగేదాన్ని. అదొక విద్య. సర్చికి పోలేదని ఎవరూ అనలేరు, ప్రతి ఆదివారం పోయేదాన్ని. కానీ నా భక్తి ఆదివారం చీరలాంటిది, పొద్దున కట్టి మధ్యాహ్నానికి మడిచి బీరువాలో పెట్టేసేదాన్ని. అక్కడ ప్రసంగం నడుస్తుంటే ఇక్కడ నేను మనసులో బొత్తాలు కుడుతూ ఉండేదాన్ని. ఆ మే నెలలో ఒకరోజు సూదికి దారం ఎక్కించబోతే చెయ్యి వణికింది. ఎన్నిసార్లు ఎంగిలి చేసి నలిపినా దారం ఎక్కలేదు. పదహారు మంది ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, జబ్బేమీ లేదు, పది రోజులు ఎక్కడికైనా పోయి ఊరికే కూర్చోమన్నాడు. ఊరికే కూర్చోవడం ఎలాగో మాత్రం చీటీ మీద రాసివ్వలేదు. మా ఆయన షెడ్డు తాళాలు నా కొంగుముడి లోంచి విప్పి తీసుకుని నన్ను పాపారపట్టి బస్సెక్కించాడు.

విశ్రాంతి కోసం అత్త ఇంటికి పోవడమంటే నిద్ర కోసం బస్టాండుకు పోవడమే. మా మామ పోయి అప్పటికి ఏడాదిన్నర. అత్త, పెళ్లి కావలసిన మా మరదలు, ఎకరంన్నర మల్బరీ తోట, ఇంటి వెనక పురుగులిల్లు. ఇద్దరు ఆడవాళ్లు పొద్దున నాలుగున్నరకు లేచి ఆకు కోసి, పురుగులకు వేసి, పెంటను ఎత్తి, మళ్లీ ఆకు కోసి, మళ్లీ వేసి, ఇట్లా నడుం వంచితే పొద్దు గూకేదాకా ఎత్తేవాళ్లు కాదు. ఆ తోట అన్నదమ్ముల ఉమ్మడి పొలంలోది. మామకు అన్న ఉన్నాడు, అత్త ఆయన్ని పెద్దబావ అనేది. ముందటి పంట రోగమొచ్చి సగం పోయింది. అది చూసి పెద్దబావ అరుగు మీద కూర్చుని, ఈసారి కూడా పోతే మల్బరీ మొత్తం పీకించి కర్రపెండలం వేసేస్తానని చెప్పి వెళ్లాడు. ఆడది ఒంటరిగా పురుగుల్ని సాకలేదని ఆయన గట్టి నమ్మకం. ఆ తోట మామ చేత్తో నాటిన తోట. అందులోని ఒక్కొక్క మొక్కకూ అత్త నెత్తిన కుండ పెట్టుకుని నీళ్లు మోసింది. నేను వెళ్లింది ఆ ఆఖరి పంట మధ్యలోకి.

పురుగులింట్లోకి పోవడం పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ గదిలోకి పోయినంత పని. గుమ్మం దగ్గర బ్లీచింగు నీళ్లలో కాళ్లు ముంచాలి. చేతులు కడగాలి. తలలో పూలు ఉండకూడదు, ముఖానికి పౌడరు ఉండకూడదు. తలనొప్పికి నేను రాసుకునే బామ్ డబ్బాను అత్త మొదటి రోజే లాక్కుని అటక మీద దాచేసింది. ఆ వాసనకే పురుగులు చస్తాయట. లోపల చల్లగా, చీకటిగా, పచ్చి ఆకు వాసన. గోడలకు తడి గోనెపట్టాలు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మూడు అంతస్తుల అరలు, వాటి మీద మల్బరీ కొమ్మలు, కొమ్మల నిండా తెల్లటి పురుగులు. కొత్తగా ఆకు వేసిన పది నిమిషాలకు ఒక చప్పుడు మొదలయ్యేది. మొదటిసారి విని, వాన పడుతోందని బయటకు పరిగెత్తి ఆరేసిన బట్టలు తీశాను. మిట్టమధ్యాహ్నం ఎండ మాడిపోతోంది. మా మరదలు కడుపు పట్టుకుని నవ్వింది. వేల పురుగులు ఒకేసారి ఆకు కొరికే చప్పుడు అది.

శనివారం సాయంత్రం ఆ వాన వెలిసిపోయింది. ఒక్కసారిగా కాదు, మెల్లగా సన్నబడి సన్నబడి, చీకటి పడేవేళకు మొత్తం ఆగిపోయింది. అత్త నన్ను లోపలికి పిలిచింది. అన్ని అరల మీదా పురుగులు తినడం మానేశాయి. ఒక్కొక్కటీ వెనక కాళ్లతో కొమ్మను పట్టుకుని, ముందు సగం పైకి లేపి, తల ఎత్తి అట్లాగే నిలబడిపోయింది. కదలిక లేదు. ఒకటి కాదు, పది కాదు. గోడ నుంచి గోడదాకా, కింద నుంచి పైదాకా అన్నీ ఒకే తీరుగా తల ఎత్తి ఉన్నాయి. నేను పెద్ద పెద్ద సభలు చూశాను. వెయ్యి మంది మోకాళ్ల మీద ఉండగా కూడా ఎవరో ఒకరు దగ్గుతారు, ఏదో ఒక బిడ్డ ఏడుస్తుంది. ఇంత నిశ్శబ్దం, ఇంతమంది కలిసి ఉన్న నిశ్శబ్దం నేను ఎక్కడా చూడలేదు.

"జ్వరం వచ్చినాది" అంది అత్త, గుసగుసగా. పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు పాత చర్మం విడుస్తుంది. విడిచే ముందు ఒక రోజూ, ఒక్కోసారి ఇంకో పూటా తిండి మానేసి ఇట్లా నిలబడుతుంది. దాన్నే వీళ్లు జ్వరం అంటారు. ఇది నాలుగోది, ఆఖరిది. దీని నుంచి లేచాక వారం పాటు కొండల్లా ఆకు తిని, తర్వాత గూడు కడతాయి. "ఇప్పుడు ఆకు వేయకూడదు, తాకకూడదు, గాలి ఆడనిచ్చి మనం గమ్మున ఉండల్ల. ఇది మన సెలవు పాపా. పురుగు తల ఎత్తితే నేనూ తల ఎత్తుతా" అంది. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నాలుగున్నర నుంచి గొడ్డులా పనిచేసిన మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ముఖం పైకెత్తి, కళ్లు తెరిచే ఉంచి అట్లా కూర్చుండిపోయింది. పెదవులు కూడా కదల్లేదు. నేను కాసేపు కూర్చున్నాను. తర్వాత మోకాలు దురద పెట్టింది. తర్వాత షెడ్డులో ఎన్ని చొక్కాలు అయ్యాయో అనిపించింది. లేచి వచ్చేశాను.

మర్నాడు ఆదివారం. అత్త ఉతికిన తెల్ల చీర కట్టుకుని, మరదల్ని తీసుకుని పాపారపట్టి సర్చికి బయలుదేరింది. తలనొప్పి అని చెప్పి నేను ఉండిపోయాను. గుమ్మం దిగుతూ అత్త వెనక్కి తిరిగి, "నువ్వు ఏమీ చేయొద్దు. అర్థమైనాదా? ఏమీ చేయకుండా ఉండేదే ఈపొద్దు పని" అని మరీ మరీ చెప్పింది. సరేనన్నాను. వాళ్లు మలుపు తిరిగేదాకా కూర్చున్నాను కూడా. ఆ తర్వాత ఇల్లు ఊడ్చాను. ఊడ్చిన ఇల్లు మళ్లీ ఊడ్చాను. గిన్నెలు తోమాను. తొమ్మిదిన్నరకు ఇక చేయడానికి ఏమీ దొరక్క పురుగులింటి తలుపు తీశాను.

ఇప్పుడు మీరు నవ్వుతారు, నవ్వండి. అవి అట్లాగే ఉన్నాయి, రాత్రి చూసినట్టే. నోరు తెరుచుకుని ఆకాశంకేసి చూస్తున్న ఆకలిగొన్న పిల్లల్లా కనిపించాయి నా కళ్లకు. రాత్రంతా తినలేదు. రాత్రి నా కంట పడనివి కొన్ని అక్కడక్కడ కదులుతున్నాయి, ఆకు కోసం వెతుకుతున్నాయి. అత్త చెప్పిన మాట చెవిలో ఉంది. కానీ నా చేతులు నా మాట వినే చేతులు కావు. కొద్దిగా వేస్తే ఏమవుతుంది, పాపం, అనుకున్నాను. తోటలోకి పోయి రెండు మోపులు కొమ్మలు కోశాను. అంతటితో ఆగినా బాగుండేది. పట్నం బుద్ధి కదా, తోటకూర కడిగినట్టు కుళాయి కింద శుభ్రంగా కడిగి, నీళ్లోడుతుండగానే తెచ్చి పైఅర మొత్తం పరిచేశాను. తల ఎత్తిన పురుగుల నెత్తి మీదే పరిచాను. పరిచి, గొప్ప సాయం చేశానన్న తృప్తితో బయటికొచ్చి, ఆ ఊరు వచ్చాక మొదటిసారి హాయిగా నిద్రపోయాను.

లేచేసరికి ఒంటిగంట. పురుగులింట్లోంచి మరదలి ఏడుపు వినిపించింది. పరిగెత్తుకెళ్లాను. "జ్వరంలో తడి ఆకు వేసినారే వదినా! కింద నలిగినవి చర్మం విడవలేవు, అక్కడే కుళ్లిపోతాయి. ఒక అర కుళ్లితే మిగిలినవన్నిటికీ అంటుకుంటాది. పెదనాయన రేపే వచ్చి తోట పీకేస్తాడు" అంటూ తలుపు పట్టుకుని ఏడుస్తోంది. చేసిన తప్పు తెలియడం ఒక బాధ. వద్దని చెప్పినా చేశానని తెలియడం ఇంకా పెద్ద బాధ. అత్త ముఖం చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండును అనుకున్నాను.

అత్త తెల్ల చీర కుచ్చిళ్లు పైకి దోపింది. పై అర దగ్గరికి పోయి, వంగి, తడి కొమ్మల మీదకు ఏవి ఎక్కాయో చాలాసేపు చూసింది. ఇంకా జ్వరంలోకి పోని పురుగులు ఆకు వాసనకు పైకి ఎక్కి ఉన్నాయి. "ఎక్కినవి ఎక్కినాయి. వాటిని కొమ్మతో సహా ఎత్తి వేరే అరలో పెడదాము. నిద్రలో ఉండేవాటిని మాత్రం తాకొద్దు" అంది. ఇద్దరూ ఒక్కొక్క కొమ్మా ఎత్తారు, పాలిచ్చే తల్లి పక్కలోంచి బిడ్డను ఎత్తినంత మెల్లగా. నన్ను కూడా రమ్మంది. వణికే చేతులతో ఎట్లా అన్నాను. "వణకనీ. వణుకుతానే ఎత్తు" అంది. ఎత్తాను. ఆ కొమ్మలు పట్టుకున్నంతసేపూ నేను ఊపిరి తీసుకున్నానో లేదో గుర్తులేదు. తర్వాత అత్త జల్లెడలో సున్నప్పొడి పోసి, పడక ఆరేటట్టు పై నుంచి పల్చగా చల్లింది. చల్లి, చేతులు కడుక్కుని, నిన్న కూర్చున్న చోటే కూర్చుంది. "ఇంక మనకు పని లేదు" అంది.

అప్పుడు నేను ఏడ్చాను. నీకు భయంగా లేదా అత్తా, ఇంత నిమ్మళంగా ఎట్లా కూర్చున్నావు అని అడిగాను. అత్త నన్ను చూసి నవ్వింది. చీర కొంగు తీసి, నా చెయ్యి పట్టుకుని తన ఎద మీద పెట్టుకుంది. లోపల ఆమె గుండె పిట్టలా కొట్టుకుంటోంది. "భయం లేకేమి? కడుపులో మంట మండతా ఉండాది. తోట పోతే నేనేడికి పోవల్ల? అయితే ఒకటి పాపా. భయం పక్కన కూర్చోని దాని మొకమే చూస్తా ఉంటే అది పెరగతానే ఉంటాది. అందుకని నేను దాన్ని తీసుకోని పోయి ఏసప్ప పక్కన కూర్చుంటా. అది నాకు ఈ పక్క, ఆయన ఆ పక్క. పొమ్మని దాన్ని తరమను. చూసేది మాత్రం ఆయన మొకం" అంది. అంతే. ఇంకేమీ బోధ చేయలేదు. మళ్లీ తల ఎత్తింది. ఆ రోజు ఆ చీకటి గదిలో, తల ఎత్తిన వేల పురుగుల మధ్య, తల ఎత్తిన ఒక ముసలావిడ పక్కన నేను కూర్చున్నాను. మోకాలు దురద పెట్టింది. పెట్టనిచ్చాను. చొక్కాలు గుర్తొచ్చాయి. రానిచ్చాను. ఎంతసేపు అయ్యిందో తెలియదు. నలభై ఆరేళ్లుగా సర్చికి పోతున్నదాన్ని, దేవుడు నిజంగా ఒక గదిలో ఉంటాడని, ఉంటే ఇట్లా ఉంటుందని ఆరోజే తెలిసింది. నాకు భయం వేసింది. ఇంతకు ముందటి భయం కాదు. నా చేతులు ఎప్పుడు వణకడం మానేశాయో చూసుకోలేదు.

సోమవారం పొద్దున ఎండ కిటికీ రెక్కల మీద పడుతుండగా మరదలు పరుగున వచ్చి లేపింది. పోయి చూస్తే కింది అరల్లో పురుగులు లేస్తున్నాయి. ముక్కు మీది నల్లటి టోపీ ఊడిపడి, పాత చర్మం వెనక్కి జారి, కొత్త పురుగు ముడతలతో, పెద్ద తలతో, తెల్లగా బయటికి నడుస్తోంది. పై అర మాత్రం కదల్లేదు. ఎనిమిదయింది. తొమ్మిదయింది. పెద్దబావ వచ్చాడు. గుమ్మంలో కాళ్లు ముంచకుండా నిలబడి, రెండు అరల్లో రెండు రకాలుగా ఉన్న పురుగుల్ని చూసి, ఏమైందని గద్దించాడు. నేను నోరు తెరవబోయాను. అత్త నా చెయ్యి నొక్కి, "వెనకపడినవి వేరే పెట్టినాను బావా. మిగిలినవి లేస్తాయి" అంది. ఎప్పుడు లేస్తాయని ఆయన అడిగాడు. "లేచేటప్పుడు లేస్తాయి" అంది. ఆయన గుమ్మం మీదే కూర్చున్నాడు, తప్పు రుజువయ్యేదాకా కదలనన్నట్టు. పదిన్నర దాటాక పై అరలో ఒక మూల ఒకటి తల దించింది. దాని పక్కన ఇంకొకటి. ఆ తర్వాత ఆ మూల నుంచి ఈ మూలకు గాలి వీచినట్టు ఒకదాని వెంట ఒకటి తల దించి నడవడం మొదలుపెట్టాయి. అత్త "ఏసప్పా" అంది, అంతే. మధ్యాహ్నానికి ఆకు వేసింది. వాన మొదలైంది.

అన్నీ లేవలేదు. నా తడి కొమ్మల కింద నలిగినవి రెండు గంపలు చనిపోయాయి. అత్త వాటిని తోట చివర గుంట తీసి, సున్నం వేసి పూడ్చింది. ఆ గుంట నేనే తవ్వాను. మిగతావి నిలబడ్డాయి, రోగం అంటుకోలేదు. పది రోజులన్న నేను మూడు వారాలు ఉండిపోయాను. గూళ్లు విప్పే రోజు పెద్దబావ మళ్లీ వచ్చాడు. ఒక గూడు తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. లోపలి పురుగు గట్టిగా ఉంటే టకటకమంటుంది, చచ్చి ఉంటే చప్పుడు రాదు. ఇంకొకటి ఆడించాడు. ఇంకొకటి. అట్లా ఎన్ని ఆడించాడో. చివరికి గూడును గంపలో జాగ్రత్తగా పెట్టి, మా అత్తకేసి చూడకుండా, "మా ఇంట్లో గూళ్లు కట్టించే తట్టలు పది ఊరికే పడి ఉండాయి. వచ్చే పంటకు తెచ్చుకో" అని చెప్పి వెళ్లిపోయాడు. తోట సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఆ పంట నేను పాడు చేయబోయానన్న సంగతీ ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ధర్మపురికి తిరిగొచ్చాక నేను మారిపోయానని చెప్పను. కాలర్లు తారుమారైతే ఇప్పటికీ అరుస్తాను, ముందే చెప్పాను కదా. కానీ ఆ ఏడాది నుంచి మా షెడ్డులో ఒక పద్ధతి పెట్టాను. పొద్దున పదకొండుకూ, మధ్యాహ్నం నాలుగుకూ మిషన్లన్నీ ఆపేస్తాం. ఎంత తొందర పని ఉన్నా సరే, చేతులు ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు కూర్చుంటాం. ఏసుకు మొక్కేవాళ్లు ఏసుకు, మురుగన్‌కు మొక్కేవాళ్లు మురుగన్‌కు, ఎవరికీ మొక్కనివాళ్లు ఊరికే. అమ్మాయిలకు ఈ కథంతా తెలియదు గానీ దానికి నేను పెట్టిన పేరు తెలుసు. "అక్కా, జ్వరం టైమ్ ఆయె" అని వాళ్లే స్విచ్చి ఆపేస్తారు.

మొన్న గడియారం గుర్రుమన్న రోజు, ఆ పిల్లను పంపేసి, అత్తకు ఫోన్ చేశాను. ఆమెకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది. పురుగుల పని మా మరదలు, ఆమె మొగుడు చూసుకుంటారు. అల్లుడే ఇల్లరికం వచ్చాడు. అత్తకు మోకాళ్లు పనిచేయవు, చూపు సగం లేదు. అయినా నాలుగో జ్వరం వచ్చిందంటే కుర్చీ వేయించుకుని లోపలే కూర్చుంటుందట. ఏం చేస్తున్నావత్తా అంటే, "తల ఎత్తినాయి పాపా" అంది మెల్లగా, ఎవరికో నిద్రాభంగం అవుతుందన్నట్టు. నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు. ఆమె కూడా ఫోను పెట్టేయలేదు. అటు పక్క ఒక్క చప్పుడూ లేదు. ఆ చప్పుడు లేకపోవడాన్ని నేను వెంటనే గుర్తుపట్టాను. షెడ్డులో బెంచీ మీద కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని అట్లాగే వింటూ ఉండిపోయాను. నిమిషం అయిపోయిందని మణికట్టు మీద గడియారం మళ్లీ గుర్రుమంది. నేను లేవలేదు. పురుగు బతికేది నెల రోజులే అయినా నాలుగుసార్లు ఆగి తల ఎత్తుతుంది. అరవై ఏళ్లు బతికిన నాకు టైమ్ లేదని ఇక ఏ ముఖం పెట్టుకుని చెప్పను?